పాలపన్ను, సగం

పళ్ళను నునుపు చేయడం నా పని.
ఉలాన్‌బాతర్‌లో, మైనస్ ముప్పై రెండు జనవరిలో,
భూమిలోకి దిగిన ఒక గదిలో
గరుకు కాగితం మీద అరగదీస్తూ కూర్చుంటాను.
ఆరువందల గరుకు, పన్నెండువందలు, నాలుగువేలు,
ఆ తర్వాత వజ్రపు ధూళి కలిపిన ముద్ద.
చివరికి పన్నులో నా ముఖం కనిపించాలి.
కనిపించదు, అంత చోటు లేదు.
పైనున్న దీపం కనిపిస్తే చాలనుకుంటాను.

నా నోట్లో మిగిలినవి పదకొండు.
ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా
ఓయున్‌గెరెల్ నవ్వదు.
"ఆరనివ్వకండి లొదోయ్ గువాయ్" అంటుంది,
"ఆరిన పన్ను అబద్ధం చెబుతుంది."

ఈ రాత్రి తెచ్చింది వాళ్ళబ్బాయిదే.
ఇదేర్‌కి ఆరేళ్ళు. కింది ముందుపన్ను.
అగ్గిపెట్టెలో, తడి గుడ్డలో.

మా ఆచారం వేరు.
ఊడిన పాలపన్నును గొర్రె తోక కొవ్వులో చుట్టి
కుక్కకు పెడతాం.
చెడ్డది తీసుకో, మంచిది ఇయ్యి
అని దాని చెవిలో చెబుతాం.
మింగితేనే లెక్క.
నాయనమ్మ దుల్మా పండగ నాటి కొవ్వు
ఇందుకోసమే దాచింది.
అత్తాకోడళ్ళ మధ్య రెండు రోజులు నడిచి
బేరం కుదిరింది:
నిలువునా సగం యంత్రానికి, సగం కుక్కకు.

కోసింది నేనే.
సన్నని రంపం, దాని మీద నీటి ధార.
పన్ను ఎప్పుడు రెండైందో చెవికి తెలియలేదు.

పన్నెండు దాటాక బస్సులు ఆగుతాయి.
వేడినీళ్ళ గొట్టాల వణుకొక్కటే మిగులుతుంది.
పై అంతస్తులో కాపలావాడు కుర్చీ జరిపినా
ఆ యంత్రానికి భూకంపం.
ఇద్దరం ఊపిరి చిన్నగా తీస్తాం.
మూడు ముఖాల వజ్రపు మొన దిగుతుంది.
దిగిందని కంటికి తెలియదు,
తెర మీద గీత వంగితే తెలుస్తుంది.
పాతిక బియ్యపు గింజల బరువు,
అంతా ఒక్క మొన మీద.
ఎత్తితే ఒక ముక్కోణం. పక్కన ఇంకొకటి. ఇంకొకటి.
మంచు మీద పిట్ట నడిచిపోయిన జాడ.

ఆమె చదువుతుంది, నేను రాస్తాను.
ఎనామెల్: ఎనభై. డెబ్భై ఎనిమిది. ఎనభై ఒకటి.
డెంటిన్‌లోకి దాటితే పద్దెనిమిది, పందొమ్మిది.
రెండింటి సరిహద్దు తిన్నగా ఉండదు,
మాంసపు కుడుము అంచును
వేళ్ళతో నొక్కి మూసినట్టు ఉంటుంది.
పైన పుట్టిన పగులు అక్కడిదాకా వచ్చి
ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోతుంది.
పంటి బిగువున ఓర్చుకున్నాం అంటాం కదా,
ఆ బిగువు ఈ అతుకులో ఉందేమో, అన్నాను.
"అది రాయకండి" అంది, "ఇంకా రుజువు కాలేదు."

తర్వాత ఒకచోట అరవై నాలుగు.
"మళ్ళీ తీద్దాం."
అరవై మూడు.
సూక్ష్మదర్శినిలో ఒక ముదురు గీత,
వెంట్రుక మందంలో ఐదో వంతు.
దానికి ఇవతల కడుపులో పెరిగిన పన్ను,
అవతల గాలి పీల్చాక పెరిగింది.
పుట్టినరోజు అక్కడ మెత్తగా ఉంది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.
"ఆ రాత్రి అంబులెన్స్ మంచులో ఇరుక్కుంది" అంది.
కాసేపటికి, "డ్రైవర్ పాటలు పాడాడు."
రాయాలా అని అడిగాను.
"అంకె ఒక్కటే రాయండి."

ఆదివారం గుడారాల పేటకు నేనూ వెళ్ళాను.
బొగ్గు పొగలో గడప కూడా కనపడలేదు.
దుల్మా రెండో సగాన్ని కొవ్వులో చుట్టింది,
ఇదేర్ కుక్క చెవిలో మొత్తం చెప్పాడు,
ఒక్క మాట కూడా పొల్లుపోకుండా.
అసార్ వాసన చూసింది,
కొవ్వు తిన్నది,
పన్నును మంచు మీద ఊసేసింది.

పిల్లాడి పెదవి వణికింది.
దుల్మా కోడలివైపు చూడకుండానే
"సగానికి కుక్క కూడా ఒప్పుకోదు" అని
లోపలికి వెళ్ళిపోయింది.

ఓయున్‌గెరెల్ మోకాళ్ళ మీద కూలబడి
చేతితొడుగులు తీసి
తెలుపులో తెలుపును వెతికింది.
చాలాసేపటికి దొరికింది.
తడి గుడ్డ కోసం జేబులు తడుముకుంది.
లేదు.
ఆ చలిగాలికి నిమిషంలో ఆరిపోతుంది.
నావైపు ఒకసారి చూసి
దాన్ని నోట్లో వేసుకుంది,
బస్సు దిగేదాకా
ఎవరితోనూ మాట్లాడలేదు.